శుభ్రమైన బురద

ఆవిడకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవారు. అది అబద్ధం. కోపం ఆవిడ ఒళ్ళంతా ఉండేది, ముక్కును మాత్రం వాసన చూడటానికి ఖాళీగా ఉంచుకునేది. చెరువు అడుగు నుంచి తీసిన బురదను ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ చోటిదో, దానికి గాలి తగిలి ఎన్నాళ్ళయిందో చెప్పేసేది. ఊరికి తాగునీరిచ్చే ఆ పెద్ద చెరువు ఒడ్డున, నీటి పరీక్షల కేంద్రంలో, ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని అదే. నెలకోసారి పడవ వేసుకుని ఏడు చోట్లకు వెళ్ళడం, అడుగు బురద తీసి సీసాలకెత్తి ప్రయోగశాలకు పంపడం. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ బురదక్క. ఆ పేరు పెట్టినవాణ్ణి మొదటి వారంలోనే తెడ్డు తీసుకుని తరిమింది గానీ, పేరు మాత్రం తెడ్డుకు అందలేదు.

పని చెప్పడానికి సులువు. గాజులా కనిపించే రెండు మూరల ప్లాస్టిక్ గొట్టాన్ని ఇనుప చట్రంలో బిగించి తాడుతో దింపాలి. అది తన బరువుకు తానే బురదలోకి మూరెడు దిగుతుంది. పైకి లాగేటప్పుడు గొట్టం నీళ్ళు దాటకముందే ఒక చెయ్యి ముంచి అడుగున బిరడా కొట్టాలి, లేకపోతే బురదంతా జారిపోతుంది. పడవలోకి చేరేసరికి గొట్టంలో కింద బురద, పైన నీళ్ళు ఉంటాయి. ప్రయోగశాలకు ఆ నీళ్ళు అక్కర్లేదు. సన్నటి రబ్బరు గొట్టం పెట్టి, అడుగు కదలకుండా, బొట్టుబొట్టుగా పైనీళ్ళు లాగేయాలని నియమాల పుస్తకంలో రాసి ఉంది. అందుకు ఒక్కో చోట అరగంట పడుతుంది. ఏడు చోట్లకు మూడున్నర గంటలు, నెత్తిన ఎండ.

చేరిన మొదటి నెలలోనే బురదక్క ఆ రబ్బరు గొట్టాన్ని పడవ మూలకు విసిరేసింది. బురద గొట్టం పడవ అంచు దాటుతుండగానే కుడి మణికట్టును ఒక్క తిప్పు తిప్పేది. పైనీళ్ళూ, వాటి అడుగున కదులుతున్న గోధుమరంగు మడ్డీ కలిసి చెరువులోకి ఒలికిపోయేవి. గొట్టంలో కత్తితో కోసినట్టు నున్నటి నల్లబురద మిగిలేది. అప్పటి ప్రయోగశాల పెద్ద, అందరూ పాత సారు అనేవాళ్ళు, ఆ సీసాలు చూసి ముచ్చటపడ్డాడు. ఇంత శుభ్రమైన బురద తన సర్వీసులో చూడలేదని, కొత్తగా చేరినవాళ్ళకల్లా వాటిని చూపించేవాడు. బురదకు శుభ్రమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. కొందరికి జీవితం మొత్తం మీద ఒక్క మెచ్చుకోలు దొరుకుతుంది, అది దేని గురించో ఎంచుకునే వీలుండదు. ఆవిడకు దొరికింది అది. దాన్ని పట్టుకునే బతికింది.

పాత సారు పోయాక ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరో కాదు, స్వయానా ఆవిడ మరిది, చెల్లెలి మొగుడు. వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తొమ్మిదేళ్ళ కిందట చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర, నలుగురు అతిథుల ముందు, మా వదిన వచ్చి వెళితే కర్టెన్లు కూడా ఉతకాలని అతను పరాచికమాడాడు. అందరూ నవ్వారు. చెల్లెలూ నవ్వింది, అసలు గాయం అదే. మర్నాడు బురదక్క ఏడో చోటి నుంచి, కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే నల్లబురద డబ్బాడు తెచ్చి, అతని కారు సీటు కింద పోసి, అద్దాలు బిగించి ఎండలో వదిలేసింది. నెల తిరక్కుండా అతను ఆ కారును వదిలించుకున్నాడు. వదినను మాత్రం వదిలించుకోలేకపోయాడు. అంత శుభ్రంగా బురద తీసేవాళ్ళు మరొకరు దొరకలేదు మరి.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా సీసాల మీద అంటించే చీటీల మీదే. నాలుగో సీసా మూత వదులు అని అతను రాస్తే, మూత కాదు, తీసేవాళ్ళ బుర్ర వదులు అని మరుసటి నెల సీసా మీద జవాబొచ్చేది. ప్రయోగశాలలో మిగతావాళ్ళు సీసాలు రాగానే బురద కన్నా ముందు చీటీలు చదువుకునేవారు.

ఆ ఏడాది చెరువులో కలుపు విపరీతంగా పెరిగి, నీళ్ళు తోడే గొట్టాల నోళ్ళకు అడ్డం పడసాగింది. నీటి సరఫరా చూసే ఇంజనీరమ్మది మాట తక్కువ, గడియారం చూసుకోవడం ఎక్కువ. ఆవిడ ఒక యంత్రాన్ని మాట్లాడింది. బల్లకట్టు లాంటి పంటు మీద కూర్చుని, ఇనుప పళ్ళతో చెరువు అడుగును దున్ని, కలుపును వేళ్ళతో సహా పెళ్ళగించే యంత్రం. అడుగు కదిలిస్తే నీళ్ళకేమీ కాదు కదా అని మరిదిని అడిగింది. అతను ఇరవై రెండేళ్ళ అంకెలు తీసి ముందు పెట్టాడు. బురదలో భాస్వరం నామమాత్రం, పురుగూ పుట్రా అసలే లేదు, కదిలిస్తే బయటికి రావడానికి అక్కడేమీ లేదు, నిక్షేపంగా దున్నుకోవచ్చు. ఆ నివేదిక మొదటి పేజీలో, మట్టి సేకరణ అన్నచోట, బురదక్క అసలు పేరు అచ్చయింది. ఆవిడ ఆ పేజీ చింపుకుపోయి ఇంట్లో గోడకు అంటించుకుంది.

యంత్రం దిగాల్సిన సోమవారానికి ఇంకా మూడు వారాలుందనగా, ఆవిడ రేవు మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. ఆ రోజు ఆరు గొట్టాలు ఎలాగో ఒంపినా, వాపెక్కి ఏడో గొట్టం ఒంపడానికి మణికట్టు తిరగలేదు. మెట్లనూ, తననూ, చెరువునూ కలిపి తిట్టుకుంటూ, నీళ్ళతో సహా మూత బిగించి దాన్ని పడవల పాకలో కిటికీ దగ్గర నిలబెట్టి పోయింది. మర్నాడు వచ్చి చూసేసరికి నీళ్ళు తేరుకుని ఉన్నాయి. బురద మీద వేలెడు మందం కూడా లేని మెత్తటి పొర, తుప్పు రంగులో ఉంది. అందులోంచి పుల్లల్లాంటి సన్నటి గూళ్ళు లేచి ఉన్నాయి. వాటిలో ఎర్రటి పురుగులు ఒళ్ళాడిస్తూ నీళ్ళను కిందికి తోస్తున్నాయి. ఒక నత్తపిల్ల గొట్టం గోడను నాకుతూ పైకి పాకుతోంది.

ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. పాత సారు విద్యార్థులను పడవెక్కించి చెప్పిన పాఠం ఆవిడకు నోటికి వచ్చు. రాలిన ఆకూ, చచ్చిన చేపా, ఊరి మురికీ అన్నీ చివరికి అడుగుకే చేరతాయి. వాటిలోని భాస్వరాన్ని బురద మీదుండే ఇనుప తుప్పు పట్టి ఉంచుతుంది. పురుగులు బొరియలు తవ్వి కిందికి గాలి అందిస్తాయి, నత్రజని కొంత అక్కడే విడిపోయి గాలిలోకి పోతుంది. గాలి అందినంతకాలం ఆ తుప్పు ఇంటికి గడియ లాంటిది. దాన్ని చెదరగొట్టి గాలి ఆడకుండా చేస్తే తుప్పు కరిగి, పట్టి ఉంచిందంతా వదిలేస్తుంది. అప్పుడు నీళ్ళు పచ్చబడి కుళ్ళుతాయి. ఇదంతా ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కాకపోతే తుప్పంటే పుస్తకాల్లో ఉండే తుప్పనుకుంది. నెలనెలా తాను మడ్డి అని ఒంపేస్తున్నది అదేనని తట్టలేదు.

మణికట్టు ఇంకా తిరగని స్థితిలోనే వెళ్ళి మరో రెండు గొట్టాలు తీసింది. ఒకదాన్ని ఒడ్డుకొచ్చాక ఎడమ చేత్తో ఎప్పటిలాగే ఒంపి, మళ్ళీ మంచి నీళ్ళతో నింపింది. రెండోది ఒంపలేదు. రెండింటికీ మూతలు బిగించి కిటికీ దగ్గర పెట్టింది. పన్నెండు రోజులకు ఒంపని గొట్టంలో పురుగులు చచ్చాయి, తుప్పు రంగు పోయి నల్లబడింది, పైనీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరిగాయి. ఒంపిన గొట్టంలో నీళ్ళు కాస్త మసకబారాయి, అంతే. చెరువు దాచుకున్నదంతా ఆ వేలెడు పొరలో ఉంది. ఆవిడ ఇరవై రెండేళ్ళూ దాన్ని పారబోసి, మిగిలిన పిప్పిని సీసాలకెత్తింది. ఆ పిప్పిని నమ్ముకుని ఇంకో నాలుగు రోజుల్లో యంత్రం దిగబోతోంది.

ముందు సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది. మెచ్చుకున్న పాత సారు మీద, నియమాల పుస్తకం మీద, కనిపెట్టలేని మరిది మీద, ఆఖరికి ఎవరూ మిగలక తన మీద. శుక్రవారమంతా నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంది. చెప్పకపోతే చెరువు పోతుంది. చెబితే తన బతుకంతా ఆ చెరువులో పోతుంది. మింగలేక కక్కలేక ఒక రోజు గడిపి, శనివారం మధ్యాహ్నం ప్రయోగశాలకు వెళ్ళింది. మరిది భోజనం చేస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను పంపింది సగం బురద," అంది. తొమ్మిదేళ్ళలో అతనితో అన్న మొదటి మాట అది. "పైపొర ఒంపేశాను. నీ అంకెలన్నీ తప్పు. సోమవారం ఆ యంత్రం దిగకూడదు."

అతను డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "మీరేం పొరపాటు చెయ్యలేదు వదినా," అన్నాడు. "మీ అంత శుభ్రంగా బురద తీసేవాళ్ళు ఎక్కడా లేరు."

ఒక్క క్షణం ఆవిడకు ఆ మాట తియ్యగా తగిలింది, దాచడమెందుకు. తర్వాతే అర్థమైంది. అతను ఏ గొట్టమని అడగలేదు, ఎంత పొరని అడగలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"నీకు ముందే తెలుసు," అంది.

నాలుగేళ్ళ కిందట ఆవిడ జ్వరంతో పడుకున్న నెలలో గేటు కాపలాదారు పడవ వేసుకెళ్ళాడు. ఒంపడం చేతగాక, మడ్డితో సహా సీసాలకెత్తి తెచ్చాడు. భాస్వరం నాలుగింతలు వచ్చింది. మరిది ఆ సంగతి చెప్పి, ఏ మాత్రం తడబడకుండా, "వాడి చేతగానితనం అనుకున్నాను," అన్నాడు. "మీ బురదను నమ్మి వాడి సీసాలు పారబోశాను. తర్వాత అనుమానం రాలేదని అనను. కానీ ఇప్పుడొచ్చి మీదే తప్పంటే నేనెక్కడికి పోవాలి? అంకెలు వేసింది నేను, బురద తీసింది మీరు. ఎవరి ఉద్యోగం ముందు పోతుందో ఆలోచించుకోండి."

బెదిరింపు ఆవిడకు ఎక్కలేదు. మీ బురదను నమ్మి అన్న ముక్క మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. నాలుగేళ్ళ కిందట నిజం ఆ గది దాకా వచ్చింది. ఆవిడ మంచిపేరే దాన్ని గుమ్మంలోంచి తరిమేసింది.

ఆదివారం సాయంత్రం చెల్లెలు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తొమ్మిదేళ్ళ పగ. ఇన్నాళ్ళకు దొరికాడు కదా నీకు," అంది. "ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలి, అంతేగా."

"నా తప్పు నేను చెప్పుకుంటున్నానే."

"నువ్వా? తప్పు చేశానని పుట్టి బుద్ధెరిగాక నువ్వెప్పుడన్నా అన్నావా అక్కా? ఎవరు నమ్ముతారు?"

చెల్లెలు వెళ్ళిపోయాక బురదక్క చాలాసేపు ఆ గుమ్మాన్ని తిట్టింది. చెల్లెలు అన్నది నిజమే, అందుకే అంత మంట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊళ్ళో ఆవిడ తిట్టనివాళ్ళు లేరు, ఇప్పుడు ఆ ఊరి నీళ్ళు కాపాడతానంటే ఎవరు చెవి ఒగ్గుతారు? మరిది పేరెత్తితే పగ అంటారు. కాబట్టి ఆ పేరు ఎత్తకూడదు. మొత్తం తన నెత్తినే వేసుకోవాలి. తిట్టడం తప్ప తెలియని నోటికి అంతకు మించిన శిక్ష లేదు.

సోమవారం పొద్దున రేవులో పంటు నిలబడి ఉంది, దాని మీద యంత్రం, ఇనుప పళ్ళకు కొత్త రంగు. ఇంజనీరమ్మ గడియారం చూసుకుంటోంది. బురదక్క రెండు గొట్టాలనూ చంకలో పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి ఆవిడ ముందు నిలబెట్టింది.

"ఇరవై రెండేళ్ళుగా నా పని నాకు సరిగ్గా రాదమ్మా," అంది. "పొర ఒంపేసి బురద పంపాను. ప్రయోగశాల వాళ్ళు నేను పంపిందే చూశారు. తప్పు నాది. అడుగు దున్నితే నీళ్ళు ఇదిగో, ఇలా అవుతాయి."

ఇంజనీరమ్మ గడియారం మరచిపోయి పచ్చటి గొట్టం వైపే చూసింది. తర్వాత మరిది వైపు తిరిగి, మీరేమంటారని అడిగింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడి, వదిన పని మీద తనకెప్పుడూ అనుమానం లేదన్నాడు.

"తన పని తప్పని ఆవిడంటోంది, ఒప్పని మీరంటున్నారు," అంది ఇంజనీరమ్మ. "ఇద్దరూ ఒకే పడవలో వెళ్ళండి. ఏడు చోట్లా ఒంపకుండా తీసుకురండి, ఇద్దరూ సంతకం పెట్టండి. సాయంత్రంలోగా రాకపోతే రేపు యంత్రం దిగుతుంది."

అలా ఉప్పూ నిప్పూ ఒక పడవ ఎక్కాయి. మరిది బూట్లు విప్పకుండా ముందు బల్ల మీద కూర్చున్నాడు. మొదటి చోట బురదక్క గొట్టం దింపి, లాగి, బిరడా కొట్టి, పడవ అంచు దాటించింది. మణికట్టు తనంతట తాను గిర్రున తిరిగింది. గోధుమరంగు మడ్డి చెరువులో కలిసిపోయింది. మరిది నవ్వు ఆపుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి పళ్ళు బిగబట్టి, చేతినే చూస్తూ లాగింది, అయినా అంతే. కుక్క తోక వంకర అంటారే, ఆ చెయ్యికి ఇరవై రెండేళ్ళు ఒకటే నేర్పింది, ఇప్పుడు వద్దంటే అది వినడం లేదు. ఎడమ చేత్తో లాగుదామంటే, బిరడా కొట్టడానికి అది నీళ్ళలో ఉండాలి.

"నా చెయ్యి పట్టుకో," అంది చివరికి.

అతను అర్థంకానట్టు చూశాడు.

"మణికట్టు పట్టుకో. అంచు దాటేటప్పుడు తిరగనివ్వకు."

చుట్టూ నీళ్ళు, చూసేవాళ్ళెవరూ లేరు. అతను వేళ్ళు వదులు చేస్తే చాలు, పొర పోతుంది, అంకెలు నిలుస్తాయి, కుర్చీ నిలుస్తుంది. అది ఇద్దరికీ తెలుసు. అతను వచ్చి పక్కన కూర్చుని, ముట్టరానిదేదో ముట్టుకున్నట్టు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. మొదటి మూడు చోట్లా పొర నిలిచింది. నాలుగో చోట వదిలేశాడు. మడ్డి ఒలికిపోయింది. చెయ్యి జారిందన్నాడు.

"మళ్ళీ," అంది ఆవిడ.

మళ్ళీ జారింది. మళ్ళీ దింపింది. నాలుగుసార్లు జారింది, నాలుగుసార్లూ దింపింది. తాడు ఒరుసుకుని ఆవిడ అరచేతిలో నెత్తురు కనిపించింది. అయిదోసారి తాడు చేతికి చుట్టుకుంటూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"నువ్వు వదిలినన్నిసార్లూ దింపుతాను. పొద్దుగూకినా దింపుతాను. రేపు ఆ యంత్రం వచ్చి నా పడవను దున్నితే అప్పుడూ దింపుతాను. నేనెలాంటిదాన్నో నీకు తెలుసు కదా."

అతనికి తెలుసు. ఆ మొండితనం మీద అతనికి ఎంత అసహ్యమో అంత నమ్మకం కూడా ఉంది. ఈసారి రెండు చేతులతో, ఎముక నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. గొట్టం నిటారుగా లోపలికి వచ్చింది. నీళ్ళు తేరుకునేదాకా ఇద్దరూ దాన్ని పట్టుకునే కూర్చున్నారు. తుప్పు రంగు పొర మీద ఎర్రటి పురుగులు ఒక్కొక్కటే గూళ్ళలోంచి బయటికి వచ్చి ఒళ్ళాడించసాగాయి. మరిది వంగి చూశాడు. తొమ్మిదేళ్ళకు పైగా ఆ చెరువు గురించి నివేదికలు రాసినవాడు, దాని అడుగు అలా ఉంటుందని ఎన్నడూ చూడలేదు.

"ఇవి ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?" అన్నాడు.

"నాకేం తెలుసు," అంది బురదక్క. "నేనూ మొన్ననేగా చూసింది."

మిగతా మూడు చోట్లా అతని చెయ్యి జారలేదు. నాలుగు రోజులకు అంకెలు తేలాయి, అతనే వేశాడు, అతనే సంతకం పెట్టాడు. ఆ పొరలో భాస్వరం పాత లెక్కకు నాలుగింతల పైనే. పంటు వచ్చిన దారినే పోయింది. గొట్టాల నోళ్ళ దగ్గర కలుపును ఇప్పుడు మనుషులు కొడవళ్ళతో కోస్తున్నారు, వేళ్ళ జోలికి పోకుండా. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియలేదు. నీళ్ళు పాడవనందుకు కృతజ్ఞత చెప్పినవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారా? చెల్లెలు మాత్రం అక్క ఇంటి వైపు రావడం మానేసింది.

పాత అంకెలను నమ్మి రేపు ఇంకొకరు ఇంకో యంత్రం తెస్తారని, రికార్డులన్నీ సరిచేయమని ఇంజనీరమ్మ ఉత్తరువు వేసింది. నెలకో పేజీ చొప్పున, జ్వరం నెల పోను, రెండు వందల అరవై మూడు పేజీలు. బురద తీసిన మనిషి చేత్తోనే ప్రతి పేజీ మీదా రాయాలి. వారం రోజులు ప్రయోగశాలలో బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. మరిది పేజీ తిప్పేవాడు. ఆవిడ ఎర్రసిరాతో, పైపొర లేదు, నమ్మవద్దు అని రాసేది. పాత సారు అంచున మెచ్చుకోలు రాసిన పేజీలు వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. మరిది ఎదురుగా ఉన్నా ఏడ్చింది, రాయడం ఆపలేదు. అతను సిరా ఆరేదాకా ఆగి, తర్వాతి పేజీ తిప్పాడు.